లెక్కకు రాని గంప

మాది చేపలు పట్టే కులం కాదు. కానీ మా ఇంట్లో మూడు తరాలుగా పొయ్యి వెలిగింది చేప మీదే. ఈ రెండు మాటలూ పొసగవని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్కలు రాసేవాళ్ళకీ అలాగే అనిపించింది. చేపల వాళ్ళ లెక్క తీసినప్పుడు మేం కూలోళ్ళం. కూలోళ్ళ లెక్క తీసినప్పుడు మా అమ్మ పేరు ఎదురుగా "వ్యాపారం" అని రాసుకుని పోయారు. నెత్తిన గంప, చంకన పిల్లాడు, చెప్పుల్లేని కాళ్ళు. అదీ మా అమ్మ వ్యాపారం.

కాకినాడకి దక్షిణంగా, కోరింగ మడ అడవి అంచున మాలపల్లె మాది. తూర్పున రెండు మైళ్ళ అవతల పల్లెకార్ల ఊరు, ఆ పైన సముద్రం. పడమట వరిచేలు. నాన్న చేలల్లో పాలేరుతనం చేశాడు. అమ్మ, అంతకు ముందు నాయనమ్మ, తెల్లారకుండా పల్లెకార్ల ఊరెళ్ళి చేప కొనేవాళ్ళు. ఉప్పేసి, ఇసకలో ఎండబెట్టి, గంపకెత్తుకుని మెట్ట ఊళ్ళు తిరిగేవాళ్ళు. సామర్లకోట, పెద్దాపురం, జగ్గంపేట, ఇంకా పైకి ఏజెన్సీ సంతలు. మాంసం కొనలేని ఇళ్ళలో, కూర లేని రోజుల్లో, గంజిలో నంజుకోడానికి ఆ ఎండు చేపే దిక్కు. మా అమ్మ దగ్గర కొన్నవాళ్ళూ మాలాంటి వాళ్ళే ఎక్కువ. సముద్రపు చేప పేదోళ్ళ ఇంటికి ఎలా చేరిందని ఎవరైనా చరిత్ర రాస్తే, ఈ ఆడోళ్ళ కాళ్ళ గురించి రాయాలి.

కోతల రోజుల్లో డబ్బుండేది కాదు, చేపకి ధాన్యం. కళ్ళంలో నాన్నకి కూలి కొలిచేటప్పుడు రైతు మనిషి కుంచం మీద కర్ర అడ్డంగా లాగి తల కొట్టేసేవాడు. అదే రైతు ఇంటి ముందు అమ్మ ఎండు నెత్తళ్ళు కొలుస్తుంటే "గోపురంగా పొయ్యవే, కొసరెయ్యవే" అనేవాళ్ళు. వాళ్ళు కొలిస్తే తల కొట్టాలి, మేం కొలిస్తే గోపురం కట్టాలి. అమ్మ నవ్వుకుంటూ కొసరు వేసేది. ఇంటికొచ్చాక తిట్టేది. కొలత గురించి నాకు మొదటి పాఠం అది. ఎం.ఎస్సీ.లో చెప్పింది రెండోది.

పల్లెకార్ల ఊళ్ళో మా అమ్మకి చేప అమ్మేవాళ్ళు గానీ కుండలో నీళ్ళు ముంచుకోనిచ్చేవాళ్ళు కాదు. ఎవరో ఎత్తి దోసిట్లో పొయ్యాలి. వాళ్ళని చూసి పై కులాల వాళ్ళు ముక్కు మూసుకుంటారు, వాళ్ళు మమ్మల్ని గుమ్మం అవతల నిలబెడతారు. అంబేద్కర్ రాసిన మెట్ల అసమానత నేను పుస్తకంలో చదివేటప్పటికి, అందులో ఏ మెట్టు మీద ఎవరు కూర్చున్నారో నాకు పేర్లతో సహా తెలుసు. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. వేట పడని రోజుల్లో మా అమ్మకి అప్పు మీద చేపిచ్చింది ఆ ఊరి ఆడవాళ్ళే. మగాళ్ళు సముద్రంలో పోతే వాళ్ళు ఏడ్చిన ఏడుపు మా అమ్మ కూడా కూర్చుని ఏడ్చింది. నీళ్ళ కుండ మాత్రం ముట్టుకోలేదు.

1990 ప్రాంతాల్లో టైగరు రొయ్య చెరువులు వచ్చాయి. చేలు తవ్వేశారు, నాన్నకి పని పోయింది. చెరువులకి పిల్ల కావాలి. హేచరీలు చాలేవి కావు. మడ కాలవల్లో పిల్ల ఉంది. అక్కా నేనూ నడుం లోతు నీళ్ళలో దోమతెర వల ఈడ్చేవాళ్ళం. వల్లో పడ్డదంతా తెల్ల బేసిన్లో పోసి, ఆల్చిప్పతో ఒక్కొక్క టైగరు పిల్లనీ ఏరాలి. వెంట్రుకంత ఉంటుంది. మిగతావి, అంటే వేరే రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీత పిల్లలు, గట్టు మీద పారబోసేవాళ్ళం. ఒక్క పిల్ల కోసం ఎన్ని చచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. షావుకారు మనిషి మాత్రం మా పిల్లలు లెక్కపెట్టేవాడు. వెయ్యికి ఇంత అని ధర. అన్నీ లెక్కపెట్టడం అయ్యే పని కాదు కాబట్టి ఒక చిప్పెడు లెక్కపెట్టి, మిగతాది చిప్పల్తో కొలిచేవాడు. లెక్కపెట్టే చిప్ప ఎప్పుడూ పలచగానే ముంచేవాడు. కొలిచే చిప్పలు దండిగా. మా అక్క నాలుగో తరగతి దాకానే చదివింది. అయినా "ఏవండీ, ఆ సిప్పొద్దు, నేను సూపించిన సిప్ప లెక్కెట్టండి" అనేది. ఆడు ఒప్పుకునేవాడు కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా తీరం మీదే పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. బోట్ల మీద పోయినవాళ్ళున్నారు, లంకల్లో, మడ కాలవల పక్కన గుడిసెలేసుకుని పిల్ల ఏరుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి అక్క ఇంటి దగ్గర ఉండబట్టి బతికింది. బోటు మీద పోయినవాడికి బోటు యజమాని దగ్గర పేరైనా ఉంటుంది. కాలవలో పిల్ల ఏరుకునే మనిషి పేరు ఏ కాయితంలో ఉంటుంది?

చదువు సంగతి తొందరగా చెప్పేస్తాను. హాస్టల్లో ఉండి, స్కాలర్‌షిప్పు మీద బి.ఎస్సీ. జువాలజీ, ఆ తర్వాత ఎం.ఎస్సీ. చేశాను. ఉద్యోగం రాలేదు. చివరికి ఒక చేపల సర్వే ప్రాజెక్టులో రోజు కూలి లాంటి జీతానికి రేవు దగ్గర లెక్కలు రాసే పని దొరికింది. ఆ ప్రాజెక్టు పేరు అనవసరం. అమ్మ నవ్వింది. "ఇన్నేళ్ళు సదివింది సేపలు లెక్కెట్టడానికేనేటిరా?" అంది. అవునమ్మా అన్నాను.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. సముద్రంలో ఎన్ని చేపలున్నాయో ఎవరూ చూడలేరు. రేవులో దిగినదే చూడగలం. మన దేశంలో ఈ లెక్కలు పెద్ద ఎత్తున తీసేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ. 1947లో మొదలైంది, ఇప్పుడు కొచ్చిలో ఉంది. వేల కిలోమీటర్ల తీరంలో ప్రతి రేవులో ప్రతి రోజూ మనిషిని పెట్టలేరు కనక నమూనా తీస్తారు. నెలని పది రోజుల చొప్పున మూడు ముక్కలు చేసి, లాటరీ పద్ధతిలో రోజులు ఎంచుతారు. ఎంచిన రోజున మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మర్నాడు ఉదయం 6 నుంచి 12 దాకా రేవులో నిలబడాలి. మధ్యలో రాత్రి దిగిన చేపని అడిగి రాసుకోవాలి. బోట్లు పదిహేను లోపుంటే అన్నీ చూడాలి, ఎక్కువుంటే వరసలో కొన్ని. ఏ బోటు, ఏ వల, ఎన్ని గంటల వేట, ఏ చేప ఎన్ని కిలోలు. అందులోంచి పెంచి నెల మొత్తం లెక్క కడతారు. మా ప్రాజెక్టూ ఇంచుమించు ఇదే పద్ధతి పట్టింది.

ఈ పద్ధతి నాకు నచ్చింది. దాచుకోవడం ఎందుకు? రోజుని లాటరీ ఎంచుతుంది, షావుకారు కాదు. ఏ చిప్ప లెక్కపెట్టాలో చేతిలో చిప్ప ఉన్నవాడి ఇష్టం కాదు. మా అక్క అడిగిన న్యాయం గణాంక శాస్త్రంలో ఉందని తెలిసినప్పుడు క్లాసులో నాకు ఒళ్ళు జలదరించింది. కానీ రేవులో నిలబడ్డాక ఇంకోటి కనపడింది. మా అమ్మలాంటి ఆడవాళ్ళు చేప కొనేది రాత్రి మూడింటికి. అంటే మేం కళ్ళతో చూడని వేళ. అడిగి రాసుకునే వేళ. అడిగేది కూడా బోటు వాళ్ళనీ, పాట పాడే ఏజెంటునీ. గంప పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని ఏమడగాలో ఆ ఫారంలో లేదు.

తూకంతో పని అయిపోదు. చేపల్ని బల్ల మీద పడుకోబెట్టి మూతి నుంచి తోక దాకా పొడవు కొలవాలి, వందల చేపలు. చలి దేశాల్లో అయితే చేప చెవి రాయి కోసి చూస్తే చెట్టు మానులో లాగా ఏడాదికో వలయం కనపడుతుంది. వయసు తెలిసిపోతుంది. మన వెచ్చటి నీళ్ళలో కాలాల తేడా తక్కువ, ఆ వలయాలు అంత తేటగా పడవు. అందుకని పొడవులు కొలిచి, నెలనెలా ఆ పొడవులు ఎలా జరుగుతున్నాయో చూసి, ఎంత వేగంగా పెరుగుతోంది, ఎంత చావు ఉంది, అందులో వల చావు ఎంత అని అంచనా కడతారు. పొట్ట కోసి గుడ్డు ఏ దశలో ఉందో రాస్తారు. ఒక్కసారి కూడా గుడ్డు పెట్టకుండానే వల్లో పడుతున్న చేప ఎక్కువైతే అది చెడ్డ గుర్తు.

ఈ కోతలూ కొలతలూ ఎవరు చేస్తారు? మేం అయిదుగురం కుర్రాళ్ళం ఉండేవాళ్ళం. ముగ్గురు ఎస్సీలం, ఒక పల్లెకారు కుర్రాడు, ఒక పెద్దింటి అబ్బాయి. ఆ అబ్బాయి నెలరోజుల్లో కంప్యూటరు గదిలోకి పోయాడు. నేనూ అడిగాను. ఎక్సెల్ నాకు వాడికంటే బాగా వచ్చు. పెద్దాయన నవ్వుతూ అన్నాడు: "నీకైతే ఈ వాసన అలవాటే కదయ్యా." అందరూ నవ్వారు. ఆ మాటలో కోపం లేదు, ద్వేషం లేదు. సర్దుకున్న చొక్కా అంత మామూలుగా అన్నాడు. నాలుగేళ్ళు నేను బురదలోనే ఉన్నాను. కాకినాడలో అద్దె గది కోసం తిరిగితే ముందు కులం అడిగేవాళ్ళు. అడగడం మొహమాటమైన వాళ్ళు "చేపల పని కదా, వాసన" అనేవాళ్ళు. అదే వీధిలో రొయ్యల ఎగుమతి చేసేవాడి మేడ ఉంది. ఆ మేడకి వాసన లేదు. మేం తీసిన లెక్కలతో రెండు పేపర్లు అచ్చయ్యాయి. చివర్న కృతజ్ఞతల్లో "క్షేత్ర సిబ్బంది" అని ఉంది. అది మేమే.

ఇది కొత్తేం కాదు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే దొర రేవులో దిగిన చేపల బొమ్మలు గీయించి, మన వాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు పక్కన రాసి, 1803లో 200 చేపల పుస్తకం వేశాడు. అందులోంచి కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక పేరు తీసుకున్నాడు. అందుకే మనం కానాగంత అనే చేపకి ప్రపంచం మొత్తం మీద ఇవాళ్టికీ శాస్త్రనామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. జపాను వాడు, నార్వే వాడు కూడా ఆ తెలుగు మాటే రాయాలి. రేవులో ఆ మాట చెప్పినవాడి పేరు మాత్రం చేప పేరులో లేదు.

ఇక నిలకడ. ఆ మాటకి శాస్త్రంలో అర్థం ఏమిటో మనం తెలుసుకోవాలి, లేకపోతే ఎవడో చెప్పిన శాతాలు నోరు తెరుచుకుని వింటాం. ఒక ప్రాంతంలో ఒక జాతి చేపల మొత్తాన్ని స్టాక్ అంటారు. వేట లేకపోతే అది నిండుగా ఉంటుంది గానీ పెద్దగా పెరగదు. తిండి చాలదు, చోటు చాలదు. కొంత పట్టేస్తే మిగిలినవి గబగబా పెరుగుతాయి. ఆ పెరిగినంతే యేటా పడితే అసలు తరగదు. యేటా ఎంత ఎక్కువ పట్టినా తరగకుండా ఉండే ఆ గరిష్ఠ మొత్తమే నిలకడకి కొలబద్ద. 1954లో షేఫర్ అనే అమెరికా శాస్త్రవేత్త వేసిన సూత్రం ప్రకారం, స్టాకు నిండుదనంలో సగానికి దిగినప్పుడు ఈ పెరుగుదల గరిష్ఠంగా ఉంటుంది. అర్థమైందా? ఒక చేప "నిలకడగా ఉంది" అంటే తాతల నాడు ఉన్నంత ఉందని కాదు. సగమే ఉన్నా ఆ లెక్కలో అది బ్రహ్మాండంగా ఉన్నట్టే. ఇందులో మోసం లేదు. సూత్రమే అంత. కానీ ఆ సగం పోయినప్పుడు ఎవరి గంపలోంచి పోయిందో సూత్రం చెప్పదు. పైగా అది ఒక్క జాతికి కట్టిన సూత్రం. మన దగ్గర ట్రాలు వల ఒక్కసారి లాగితే పదుల జాతులు పడతాయి.

కొలత తప్పితే ఏమవుతుందో కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప చూపించింది. 1980లలో అక్కడి శాస్త్రవేత్తలు స్టాకు బాగానే ఉందన్నారు. వాళ్ళు నమ్ముకున్న వాటిలో పెద్ద ట్రాలర్ల లెక్క ఒకటి, గంటకి ఎంత పడుతోందని. పెద్ద ట్రాలర్లకి చేప ఎక్కడ గుమిగూడిందో కనిపెట్టే యంత్రాలున్నాయి. మంద మొత్తం తరిగిపోతున్నా మిగిలిన గుంపు మీదికే వెళ్ళి వల వేస్తాయి. కాబట్టి గంట లెక్క తగ్గలేదు. తీరానికి దగ్గర్లో చిన్న పడవల మీద వేటాడే వాళ్ళు చేప తగ్గింది, చిన్నదైంది అని మొత్తుకున్నారు. వాళ్ళ మాట లెక్కలోకి ఎక్కేసరికి ఆలస్యమైంది. 1992 జూలై 2న వేట మొత్తం ఆపేశారు. దాదాపు 30 వేల మందికి పని పోయింది. వాళ్ళు దళితులు కారు, తెల్లవాళ్ళే. అయినా చిన్న పడవ వాడి మాట వినేవాడు అక్కడా లేడు.

మా నాయనమ్మ చెప్పేది, తన రోజుల్లో సొర ముక్కలూ టేకు ముక్కలూ గంపలో అడుగున పరిచి పైన చిన్న చేప పోసేవాళ్ళమని. అమ్మ రోజుల్లో సొర పండక్కే. సావళ్ళు, గులివిందలు, కవళ్ళు ఎక్కువ. ఇప్పుడు మా వదిన గంపలో నెత్తళ్ళు, పొట్టు రొయ్య. పెద్ద చేపల్ని తినే చేప పోయి, పెద్ద చేప తినే చేప మిగిలింది. 1995లో డేనియల్ పౌలీ అనే శాస్త్రవేత్త ఒక మాట రాశాడు: ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము పనిలో చేరిన నాడు చూసిన సముద్రాన్నే మామూలు సముద్రం అనుకుంటారు, దాన్నుంచి తగ్గినదే తరుగుగా లెక్కేస్తారు, అంతకు ముందు పోయినది ఎవరికీ పట్టదు అని. 1998లో ఇంకోటి రాశాడు, మనుషులు సముద్రంలో పై మెట్టు చేపల్ని తినేసి కింది మెట్టుకి దిగుతున్నారని. మా ఇంట్లో మూడు గంపలు పక్కపక్కన పెడితే ఆ రెండు పేపర్లూ కనపడతాయి. ఎవరూ పెట్టలేదు.

అలాగని చేప తగ్గితే ప్రతిసారీ వలే కారణం అనుకోకూడదు. కేరళలో నూనె కవళ్ళు 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. వేట ఒక కారణమే గానీ సముద్రం వేడి, వానలు, చేపకి దొరికే తిండి, అన్నీ ఉన్నాయి అందులో. మన తూర్పు తీరంలో అయితే 1980ల దాకా ఈ నూనె కవళ్ళు పెద్దగా లేవు, తర్వాతే దండిగా వచ్చాయి. అమ్మ మొదట్లో వాటిని కొత్త చేప అనేది. కాబట్టి జ్ఞాపకం ఒక్కటే చాలదు, లెక్క కావాలి. లెక్క ఒక్కటే చాలదు, అడగాలి.

2023లో పరిశోధనా సంస్థ ఒక లెక్క ప్రకటించింది. 2022లో దేశంలో వివిధ ప్రాంతాల్లో పరిశీలించిన 135 స్టాకుల్లో 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని. ప్రపంచం మొత్తం మీద అయితే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క ప్రకారం నిలకడ హద్దుల్లో ఉన్నవి 1974లో 90 శాతం, 2021 నాటికి 62.3 శాతం. అంటే మనది చాలా మంచి సంఖ్య. నేను అబద్ధమని అనడం లేదు. ఆ పని చేసే వాళ్ళ కష్టం నాకు తెలుసు. పేపర్లో చదివి అమ్మకి చెప్పాను.

"వందలో తొంభై బావున్నాయంటన్నారా?"

"అవునే."

"మరి అయ్యన్నీ ఎక్కడికెళ్తన్నాయిరా?"

అదీ ప్రశ్న. ఏ ఫారంలోనూ లేని గడి అదే.

ఎక్కడికెళ్తున్నాయో చెప్తాను. మునుపు ట్రాలు బోటు రొయ్య కోసం పోయేది. రొయ్యతో పాటు పడ్డ చిన్నా చితకా చేపలో చాలా భాగం సముద్రంలోనే పారేసేవాళ్ళు. చివరి రోజు వల్లో పడ్డది రేవుకి తెస్తే ఆడవాళ్ళు తట్టల లెక్కన కొనుక్కుని ఎండబెట్టుకునేవాళ్ళు. దాన్ని చెత్త చేప అంటారు. మా అమ్మ పదేళ్ళు మమ్మల్ని సాకింది ఆ చెత్తతోనే. ఇప్పుడు కోళ్ళకీ, చెరువుల్లో చేపలకీ రొయ్యలకీ మేత కావాలి. చేప పొడి మిల్లులు వచ్చాయి. లారీ రేవులోకే వస్తుంది. చెత్త చేప అంతా ఒకే పాటలో లారీ ఎక్కుతుంది. రెండు ట్రేలు కావాలనే ఆడమనిషికి పాటలో చోటు లేదు. రేవులో దిగిన చేప తగ్గలేదు, కాబట్టి లెక్కలో ఏ తేడా లేదు. మా వదిన గంప ఖాళీ. సంతలో ఎండు చేప రేటు పెరిగింది, కొనేవాళ్ళు పప్పు నీళ్ళకి దిగారు. పేదోడు తినే చేప పొడై, రొయ్య పొట్టలోకి పోయి, ఓడెక్కి పరాయి దేశం పోతోంది. దాన్ని ఏ గ్రాఫులో ఏ రంగు వెయ్యాలి?

పైగా ఆ చెత్తలో ఉన్నది చెత్త కాదు. నేను తట్టలు తిరగబోసి కొలిచాను. గొరక పిల్లలు, పార పిల్లలు, సావళ్ళ పిల్లలు. ఆగితే పెరిగి పెద్దవయ్యేవి. ఆడవాళ్ళు కొన్న రోజుల్లోనూ పిల్లలు పడేవి, నిజమే. కానీ చిన్న చేప కోసమే వల కన్ను చిన్నది చేసి, చెత్త కోసమే వేటకి పోయే రోజు అప్పుడు లేదు.

వేట నిషేధం సంగతి కూడా ఇంతే. తూర్పు తీరంలో యేటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లు, ట్రాలర్లు సముద్రంలోకి పోకూడదు. 2015కి ముందు 47 రోజులుండేది. చేప గుడ్డు పెట్టుకోనివ్వాలని. మంచిదే. ఆ రెండు నెలలకీ రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలు. ఆ జాబితా బోటుతో మొదలవుతుంది. బోటుకి ఇంతమంది చొప్పున, వేటకి పోయే మనిషి పేరు. బోటు ఆగితే వల లాగే చెయ్యి ఒక్కటే ఆగుతుందా? ఐసు కొట్టేవాడు, ట్రే మోసేవాడు, రొయ్య తల తీసే ఆడది, ఎండబెట్టే ఆడది, గంపెత్తుకునే ఆడది. హార్బర్లో మూట మోసే వాళ్ళలో మా పేట కుర్రాళ్ళే సగం. 61 రోజులు వాళ్ళూ నిషేధంలోనే ఉన్నారు. మా వదిన పేరు రాయించడానికి వెళ్తే గుమాస్తా అడిగాడు, "మీరు మత్స్యకారులు కాదు కదమ్మా?" ఆవిడ గంప చూపించింది. గంపకి రిజిస్ట్రేషను నెంబరు లేదు.

మన స్నేహితుల్లో కొందరితో నాకు పేచీ ఉంది. సభల్లో మాట్లాడుతూ ఈ శాస్త్రం అంతా అగ్రవర్ణాల కుట్ర, ఈ లెక్కలు మనకెందుకు అంటారు. నేను ఒప్పుకోను. లెక్కలు వద్దనే మాట ముందు అన్నది ట్రాలర్ల యజమానులు. సముద్రం తరగదు, అమ్మవారు ఇస్తుంది, నిషేధం ఎత్తేయండి అనేది వాళ్ళే. లెక్క లేకపోతే ఎవడికి పెద్ద ఇంజనుందో వాడిదే సముద్రం. లెక్క ఉండాలి. చిప్ప ఎవరు ఎంచాలన్నదే తగాదా.

ప్రాజెక్టు చివరి సంవత్సరం ఒక మీటింగులో నేను లేచి ఒక ప్రతిపాదన చెప్పాను. ఫారంలో ఒక్క గడి పెంచండి సార్, నమూనా బోటులో దిగిన ప్రతి చేప ఎవరు కొన్నారో రాద్దాం అన్నాను. ఐసులో పోయిందా, ఊరి మార్కెట్టుకా, ఎండబెట్టే ఆడవాళ్ళకా, మిల్లుకా. బోటుకి అయిదు నిమిషాలు కూడా పట్టదు. అయిదేళ్ళు రాస్తే, చేప నిలబడిందో లేదో ఎలా తెలుస్తుందో, చేప మీద బతికే మనిషి నిలబడ్డాడో లేదో కూడా అలాగే తెలుస్తుంది. పెద్దాయన ఓపిగ్గానే విన్నాడు. "అది సోషల్ సైన్సు వాళ్ళ పనయ్యా, మనది చేప" అన్నాడు. సోషల్ సైన్సు వాళ్ళు రాత్రి మూడింటికి రేవుకి రారు.

సముద్ర మత్స్యకారుల జనాభా లెక్కలు 1980, 2005, 2010, 2016లో తీశారు. 2025 చివర్లో మళ్ళీ తీశారు, ఈసారి ఫోన్లో యాప్‌తో. అందులో చేప ఎండబెట్టే, అమ్మే ఆడవాళ్ళకీ గడులున్నాయి, లేవని అనను. కానీ లెక్క నడిచేది మత్స్యకార గ్రామంగా గుర్తించిన ఊళ్ళలో. మా మాలపల్లె ఆ జాబితాలో లేదు. పల్లెకార్ల ఊరికి వచ్చిన అమ్మాయిని నేనే వెళ్ళి కలిశాను. చక్కగా మాట్లాడింది. "మీ పేట నాకు ఇవ్వలేదండీ" అంది. ఆ అమ్మాయి తప్పేముంది.

అందుకని మూడేళ్ళుగా మా వదినా నేనూ ఒక నోటు పుస్తకం రాస్తున్నాం. నేను ఊరెళ్ళినప్పుడు నేను, మిగతా రోజుల్లో ఆవిడ కూతురు. వారానికి ఒక రోజు, ఏ రోజన్నది చీటీ తీసి. లాటరీ మానలేదు. ఏ చేప, ఎన్ని ట్రేలు, ఎంతకి, పాటలో ఎంతమంది ఆడవాళ్ళు నిలబడ్డారు, ఎంతమంది ఖాళీగా వెనక్కి వచ్చారు. మా పేటలోనే కాదు, పక్క రెండు పేటల్లో కూడా ఇప్పుడు రాస్తున్నారు. మొన్న డిసెంబరులో ఒక రోజు పుటలో ఇలా ఉంది: నెత్తళ్ళు రెండు ట్రేలు. కవళ్ళు ఒకటి. సావళ్ళు లారీకి పోయాయి. ఆడవాళ్ళు పదకొండు మంది, ఖాళీగా వచ్చినవాళ్ళు నలుగురు. పిల్ల పది నెత్తళ్ళు వరసగా పేర్చి బడి స్కేలుతో కొలుస్తుంటే అమ్మ మంచం మీంచి "పొట్ట నొక్కి సూడే, గుడ్డుందేమో" అంది. ఆరింటికి ఉంది. అదీ రాసింది.